మూడు గంటల పేపరు, ఏడాది పొడుగు రాత

మన పూర్వ విద్యార్థుల సంఘం యాభై ఏళ్ల సంచికలో బడి పుట్టుపూర్వోత్తరాలు, ప్రధానోపాధ్యాయుల వరుస, ర్యాంకులు తెచ్చినవారి వివరాలు రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నేను ఈ బడిలోనే చదువుకుని, తర్వాత ముప్పై నాలుగేళ్లు వేర్వేరు బడుల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. నా ఉద్యోగమంతా పిల్లల రాత చదవడంతోనే గడిచింది. అందుకే నేను ఎంచుకున్న చరిత్ర వేరు. పిల్లల రాతను మనవాళ్లు ఎలా కొలుస్తూ వచ్చారు, ఎవరి చేత కొలిపించారు, ఆ కొలతను ఎంతవరకు నమ్మారు అన్నదే నా విషయం.

ఇదంతా గడిచిపోయిన ముచ్చట కాదు. పదో తరగతిలో బడి చేతిలో ఉన్న ఇరవై మార్కులు ఉంచాలా, తీసేయాలా అన్న వాదన మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా నడుస్తోంది. మన మనవలు, మనవరాళ్లు రాసే ప్రతి నోటుబుక్కు మీద ఆ వాదన ప్రభావం ఉంది.

ఎక్కడో కూర్చున్న పరీక్షకుడు

ఇప్పటి పబ్లిక్ పరీక్షకు మన దేశంలో మూలం 1857. ఆ ఏడు కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. మెట్రిక్యులేషన్ అనే గడప దాటినవాడికే కాలేజీ, కాలేజీ దాటినవాడికే ఉద్యోగం. ఆ గడప దగ్గర కూర్చున్న పరీక్షకుడికి పిల్లవాడెవరో తెలియదు. కాగితం మీద ఉన్నదే చూస్తాడు. పద్ధతి బలం అదే, బలహీనతా అదే.

హైదరాబాదుకు ఆ గాలి తగలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. అంటే ఇక్కడి పిల్లల రాతకు విలువ కట్టింది మద్రాసు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. దేశభాషలో ఉన్నత విద్య అన్నది నిజంగా గొప్ప ప్రయోగం. కానీ ఆ దేశభాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తమ భాషలో చదువు, తమ భాషలో పరీక్ష అందుబాటులో లేవు.

దీనికి మన పక్క పేటలోనే ఒక జవాబు పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారు, ఆయన సహచరులు 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాల స్థాపించారు. నారాయణగూడలో దాని ముందు నుంచి మనలో చాలామంది వెయ్యిసార్లు నడిచివుంటారు. తెలుగులో చదివిన అమ్మాయిలకు ఇక్కడ పరీక్ష పెట్టేవారు లేకపోవడంతో, 1916లో పుణెలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి ఆ బడిని అనుబంధం చేశారు. నారాయణగూడ అమ్మాయి తెలుగులో రాసిన రాతకు గుర్తింపు పుణె నుంచి రావలసి వచ్చింది. పిల్ల ఎంత బాగా రాసినా సరిపోదు. దాన్ని చదివి లెక్కలోకి తీసుకునేవాళ్లు కూడా ఉండాలి. ఆ సంగతి మన పెద్దలు అప్పుడే గ్రహించారు.

ఇలాంటిదే మరో సంగతి ఉంది. అది బడికి సంబంధించినది కాదు గానీ ఇక్కడ చెప్పాలి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో సమాధానమిచ్చారు. వ్యాసంతో వాదించి ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి ఒకచోట కట్టి ముందు పెట్టారు. రాతలు సేకరించి చూపించడం కన్నా పెద్ద రుజువు ఉండదు. పిల్లల రాత విషయంలో నేను చెప్పబోయేది కూడా ఇదే.

కమిషన్ల మాట

స్వాతంత్ర్యం వచ్చాక విద్య మీద వచ్చిన పెద్ద నివేదికలన్నీ పరీక్షల దగ్గర ఆగి ఒక నిట్టూర్పు విడిచాయి. 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే అది పరీక్షల సంస్కరణే అవుతుందన్న అర్థంలో రాసింది. 1952–53 నాటి ముదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల గురించి మాట్లాడుతూ, ప్రతి విద్యార్థికీ బడి ఒక రికార్డు ఉంచాలనీ, ఏడాది పొడుగునా చేసిన పనిని చివరి తీర్పులో కలపాలనీ చెప్పింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కూడా బడి లోపలి మూల్యాంకనాన్ని గట్టిగా బలపరిచింది.

మూడు కమిషన్లు చెప్పినా బళ్లలో మారింది తక్కువ. కారణం వెతకడానికి ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేదు. బయటి పరీక్షకుడు పిల్లవాణ్ని ఎరగడు కాబట్టి పక్షపాతం చూపలేడు. బడిలో సారు ఎరుగును కాబట్టి చూపగలడు. ఈ భయం ఉత్తదేమీ కాదు. అశోక్ నగర్ గదుల్లో నలుగురేసి ఉంటూ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నించి రాత్రి దాకా చదివే జిల్లాల పిల్లల్ని అడగండి. తమ కులం, ఊరు, తండ్రి పని తెలియని మనిషి తమ పేపరు దిద్దుతాడన్నదే వాళ్లకున్న ధైర్యం. పబ్లిక్ పరీక్షను తేలిగ్గా తీసిపారేసే ఏ వాదనైనా ముందు ఈ పిల్లలకు జవాబు చెప్పుకోవాలి.

రఫ్ నోటు, ఫేర్ నోటు

మనం చదువుకున్న రోజుల్లో ‘పోర్ట్‌ఫోలియో’ అన్న మాట పత్రికల్లో మంత్రుల శాఖల పంపకాల వార్తలోనే కనిపించేది. బడిలో ఆ మాట లేదు. కానీ వస్తువు సగం ఉంది. వ్యాసాలకు ఒక రఫ్ నోటు, ఒక ఫేర్ నోటు ఉండేవి. రఫ్‌లో రాస్తే సారు ఎర్ర సిరాతో దిద్దేవారు. దాన్ని చూసి ఫేర్‌లో ఎక్కించేవాళ్లం. ఒత్తు పోయిన చోట సున్నా చుట్టేవారు, వాక్యం తెగిపోతే పక్కన గీత గీసేవారు. కొందరు సార్లు నోటుబుక్కుల కట్ట సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని ఇంటికి తీసుకెళ్లడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

దానితోపాటు లిఖిత పత్రిక ఉండేది. చేతిరాత బాగున్న ఇద్దరు ముగ్గురు డ్రాయింగు షీట్ల మీద కథలు, గేయాలు, పొడుపుకథలు ఎక్కించేవారు. నోటీసు బోర్డు పక్కన గోడపత్రిక అంటించేవారు. మార్కులు లేకపోయినా అందులో పేరు పడాలని ఎంత ఆరాటపడేవాళ్లమో! తిరగరాయమంటే విసుక్కోకుండా మూడోసారి కూడా రాసేవాళ్లం. ఎందుకంటే దాన్ని చదివేవాళ్లు ఉన్నారు.

లేనిది ఒక్కటే. ఆ రాతలను ఎవరూ దాచలేదు. రఫ్ నోటు, ఫేర్ నోటు రెండూ ఏప్రిల్‌లో తూకానికి వెళ్లాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర సినిమా ఇంటర్వెల్‌లో కొన్న పల్లీల పొట్లం విప్పితే ఎవరో పిల్లవాడి ‘నా ఆశయం’ వ్యాసం కనబడేది. చివరికి మిగిలింది మార్కుల మెమో. ఒక పిల్ల తొమ్మిదిలో ఎలా రాసింది, పదికి వచ్చేసరికి ఎంత ఎదిగింది అని అడిగితే చూపించడానికి కాగితం ముక్క కూడా లేదు.

బయటి దేశాల అనుభవం

ఆ కాగితాలను దాచి, వాటినే పరీక్షగా తీసుకోవాలన్న ఆలోచన అమెరికాలో 1980లలో ఊపందుకుంది. పోర్ట్‌ఫోలియో అంటే అసలు చిత్రకారులు తమ బొమ్మలు పెట్టుకుని తిరిగే అట్టల సంచి. ఒక్క బొమ్మ చూసి చిత్రకారుణ్ని అంచనా వేయనట్టే, ఒక్క వ్యాసం చూసి రాసే శక్తిని అంచనా వేయకూడదన్నది వాళ్ల వాదన. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఎల్బో, పాట్ బెలనాఫ్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు, అప్పటిదాకా ఉన్న ఒక్కపూట రాత పరీక్షను పక్కన పెట్టి ఈ పద్ధతి తెచ్చారు. విద్యార్థి తిరగరాసి మెరుగుపరచుకున్న మూడు రచనలు, క్లాసులో ఎవరి సాయమూ లేకుండా రాసిన ఒక రచన కలిపి ఇవ్వాలి. చదివేది సొంత టీచరు కాదు, మరో టీచరు. మార్కులు ఉండవు. సరిపోయింది, సరిపోలేదు అన్న రెండు తీర్పులే.

ఈ ఏర్పాటులో ఉన్న తెలివి గమనించండి. తిరగరాసినవి ఉన్నాయి కాబట్టి పిల్లవాడి కృషి కనబడుతుంది. క్లాసులో రాసినది ఒకటి ఉంది కాబట్టి మిగతావి ఎవరో రాసిచ్చినవైతే తేడా బయటపడుతుంది. చదివేది మరొకరు కాబట్టి సొంత సారు మొహమాటం గానీ, కోపం గానీ పనిచేయవు. సారు తీర్పరి స్థానం నుంచి దిగి పిల్లవాడి పక్కన నిలబడతాడు.

తర్వాత వెర్మాంట్ రాష్ట్రం నాలుగు, ఎనిమిది తరగతుల పిల్లలందరికీ ఈ పద్ధతి పెట్టింది. ఫైలులో పిల్ల తన ఉత్తమ రచన ఏదో తానే ఎంచి, ఎందుకు ఎంచిందో చదివేవారికి ఉత్తరం రాయాలి. టీచర్లు ఎంతో ఇష్టపడ్డారు, పిల్లల చేత ఎక్కువగా రాయించారు. కానీ 1992లో రాండ్ సంస్థ పరిశోధకులు లెక్క తీస్తే, ఒకే ఫైలుకు ఇద్దరు టీచర్లు ఇచ్చిన మార్కుల మధ్య పొంతన చాలా తక్కువని తేలింది. కెంటకీ రాష్ట్రం 1990 నాటి చట్టంతో మొదలుపెట్టి, బళ్లకు మంచీచెడూ నిర్ణయించే లెక్కల్లో ఈ ఫైళ్ల మార్కులను కలిపింది. 2009లో ఆ లెక్కల నుంచి తీసేసింది. ఇంగ్లండులో 1988 నుంచి జీసీఎస్ఈ ఇంగ్లిషును ఏడాది పని మీదే నూటికి నూరు మార్కులకు తేల్చిన బళ్లు ఉన్నాయి. కొన్నేళ్లకే ప్రభుత్వం దానికి కత్తెర వేసింది.

మూడు చోట్లా కథ దాదాపు ఒకటే. ఫైలు పిల్లవాడికి రాయడం నేర్పినన్నాళ్లూ బాగా పనిచేసింది. దాని మీద బడి పరువు, జిల్లా పరువు, పై చదువు సీటు ఆధారపడిన రోజు నుంచి అనుమానాలు మొదలయ్యాయి.

మన రాష్ట్రంలో

ఇక మన సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ప్రాథమిక విద్యా పథకం ఒకటి మొదలైంది. టీచర్లు దాన్ని ‘అపెప్’ అనేవారు. దాని ఆరు సూత్రాల్లో ఒకటి, పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించడం. గోడకు ఆ చివర నుంచి ఈ చివరకు పురికొస కట్టి, పిల్లల కాగితాలు తగిలించిన తరగతులు అప్పటివే. లిఖిత పత్రికకు పై తరగతుల్లో ఉన్న గౌరవం, చిన్న పిల్లల గీతలకూ రాతలకూ దక్కింది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఆ తర్వాత 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ ఆలోచనకు బలమిచ్చాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనం చట్టంలోకి ఎక్కింది. టీచర్ల నోట అది సీసీఈ అయింది. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక తర్వాత పాఠ్యపుస్తకాలూ మారాయి. తెలుగు వాచకంలో ‘అవగాహన – ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అన్న శీర్షికలు వచ్చాయి. కరపత్రం, సంభాషణ, లేఖ, అభినందన వ్యాసం, ఇంటర్వ్యూకు ప్రశ్నలు రాయమన్నారు. ప్రతి పాఠం చివరా ప్రాజెక్టు పని, దానికో నివేదిక. కంఠస్థం చేసి అప్పగించే జవాబుకు అక్కడ చోటు తగ్గింది.

2014–15 నుంచి తెలంగాణ పదో తరగతిలోనూ కొత్త పద్ధతి వచ్చింది. పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు, బడిలో 20. ఆ ఇరవై, ఏడాదిలో నాలుగుసార్లు జరిగే ఎఫ్ఏల సగటు. ఒక్కో ఎఫ్ఏకు నాలుగు భాగాలు, భాగానికి అయిదు మార్కులు. అవి పిల్లల భాగస్వామ్యం – ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. పాఠం బయటి పుస్తకం ఒకటి చదివి దాని గురించి సొంతంగా రాయడం భాషలో మొదటి భాగం. ఈ నాలుగూ సరిగా జరిగితే ఏడాది చివర ప్రతి పిల్ల దగ్గరా ఒక రాతల ఫైలు తయారై ఉంటుంది. పేరు ఏదైనా అది పోర్ట్‌ఫోలియోనే. సీబీఎస్ఈ వాళ్లయితే 2019–20 నుంచి అంతర్గత మార్కుల్లో అయిదింటికి ఆ పేరే పెట్టారు.

సరిగా జరిగితే ఎలా ఉంటుందో చెప్పడానికి నేను చూసిన ఒక పిల్లవాడి ఫైలు సంగతి రాస్తాను. వాళ్లమ్మ మన రాంనగర్ చేపల మార్కెట్లో చేపలు కోసిచ్చేది. మృగశిర కార్తె వెళ్లిన వారానికే బడి తెరిచారు. ‘మీ ఇంట్లో కిందటి వారం ఏం జరిగింది’ అని రాయమంటే అతను రాసింది మూడు వాక్యాలు. చేపలు బాగా అమ్ముడుపోయాయి, అమ్మకు పని ఎక్కువ, అమ్మ వేలు తెగింది. అంతే. వాక్యాల మధ్య చుక్కలు లేవు, ఒత్తులు సగం లేవు.

నేను దాని కింద మార్కు వేయలేదు. ‘ఎలా తెగింది? అప్పుడు నువ్వెక్కడున్నావు?’ అని రెండు ప్రశ్నలు రాశాను. ఆగస్టులో అదే విషయం అరపేజీ అయింది. దసరా తర్వాత ప్రాజెక్టు పనికి అమ్మనూ, మార్కెట్లో మరో ఇద్దరినీ ఇంటర్వ్యూ చేశాడు. రవ్వ, బొచ్చె కోయడానికీ కొరమీను కోయడానికీ తేడా, కిలోకు కోత కూలి ఎంత, తెల్లవారుజామున మంచుగడ్డ ఎవరు తెస్తారు, ఇవన్నీ రాశాడు. డిసెంబరు నాటికి ఒకటిన్నర పేజీల రచన తయారైంది. వేలు తెగిన ముక్క అందులో చివరికి వచ్చింది. రక్తం కడుక్కుని గుడ్డ చుట్టుకుని మళ్లీ కత్తిపీట ముందు కూర్చుందని ఒక్క వాక్యంలో రాసి ఆపాడు. అక్కడ ఆపాలని ఎవరూ చెప్పలేదు.

పబ్లిక్ పరీక్షలో అతనికి తెలుగులో మామూలు గ్రేడే వచ్చింది. దిద్దినవారిని తప్పుపట్టలేం. స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. మార్కుల కేటాయింపు కాగితం పక్కన పెట్టుకుని రోజుకు నలభై దాకా పేపర్లు దిద్దాలి. ముందున్న కాగితంలో జూన్ నుంచి డిసెంబరు దాకా నడిచిన దారి కనబడదు. ఆ దారి కనబడే చోటు ఫైలు ఒక్కటే.

ఇరవై మార్కులకు పట్టిన గతి

మరి సరిగా జరిగిందా? కొన్ని బళ్లలో, కొందరు టీచర్ల దగ్గర జరిగింది. చాలాచోట్ల ఎఫ్ఏ రికార్డు పిల్లవాడి రాత కాకుండా రిజిస్టరు నింపుడుగా మారింది. నలభై యాభై మంది ఉన్న తరగతి, ఆరు సబ్జెక్టులు, ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు. ప్రతిదానికీ నాలుగు భాగాల లెక్క రాయాలి. పిల్లలు గైడ్లు చూసి పుస్తక సమీక్ష రాశారు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి ప్రాజెక్టు అంటించారు. కొన్నిచోట్ల ఇళ్లలో తల్లులే కూర్చుని రాశారు. నేను కొంతకాలం పనిచేసిన ఒక ప్రైవేటు బడిలో, పేరు అనవసరం, ఎఫ్ఏ మార్కులు వేయకముందే ‘అందరికీ పందొమ్మిది, ఇరవై’ అని ఆఫీసు నుంచి చీటీ వచ్చేది. చేపల మార్కెట్ పిల్లవాడికీ, కాగితం కూడా తిరగేయని పిల్లవాడికీ ఒకే ఇరవై అయితే ఇక ఆ ఇరవైకి అర్థమేముంది?

ఈ డొల్లతనం లోకమంతటికీ తెలిసిన రోజులు కరోనాతో వచ్చాయి. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మూడు పేపర్ల దగ్గర ఆగిపోయాయి. జూన్ 8న ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసి, 5,34,903 మంది విద్యార్థులను బడిలో వచ్చిన ఆ ఇరవై మార్కుల ఆధారంగానే పాస్ చేసింది. ఇరవైని నూటికి పెంచి గ్రేడు ఇచ్చారు. 2021లో అసలు ఒక్క ఎఫ్ఏ మాత్రమే జరిగింది. దానితోనే ఫలితాలు. ఆ ఏడు రెండు లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ. మామూలు సంవత్సరాల్లో అలాంటివారు కొన్ని వేల మందే.

మార్కుల ఉదారత సంగతి అలా ఉంచండి. ఆ రెండేళ్లలో ఏ బడి దగ్గరైనా పిల్లల రాతలు నిజంగా దాచిన ఫైళ్లుంటే, కష్టపడి రాసిన పిల్ల తన ఫైలు చూపించి ఇది నా గ్రేడు అని తలెత్తుకుని చెప్పుకునేది. అలా చెప్పుకునే వీలు లేక, ‘కరోనా బ్యాచ్’ అన్న ఎగతాళి ఆ పిల్లలు మోశారు. రాసినవాళ్లూ రాయనివాళ్లూ కలిసి మోశారు. అంతర్గత మార్కులు నమ్మకం పోగొట్టుకుంటే నష్టపోయేది ఎవరో అప్పుడు తెలిసింది.

ఆంధ్రప్రదేశ్ 2019లోనే పదో తరగతి అంతర్గత మార్కులు తీసేసింది. మన రాష్ట్రంలో 2024 నవంబరు చివర ప్రభుత్వం వాటిని తీసేసి నూరు మార్కులకు పబ్లిక్ పరీక్ష పెడతామని ప్రకటించింది. విద్యా సంవత్సరం సగం గడిచాక మార్పేమిటని ఆందోళన రాగా, ఆ ఏడాదికి 80–20నే ఉంచింది. మరోపక్క 2020 జాతీయ విద్యావిధానం, పిల్లలు తమను తాము అంచనా వేసుకోవడం, తోటివారు అంచనా వేయడం, ప్రాజెక్టులు, అన్నీ కలిసిన సమగ్ర ప్రగతి పత్రం రావాలంటోంది. ఒక చేత్తో ఇస్తూ ఇంకో చేత్తో తీసుకుంటున్నట్టుంది వ్యవహారం.

మనం చేయగలిగింది

నాకు అర్థమైనంతవరకు ఈ నూట అరవై ఏళ్ల పైబడిన కథ చెప్పేది ఇది. మూడు గంటల పేపరు నిష్పక్షపాతంగా ఉండగలదు గానీ ఎదుగుదలను చూపలేదు. రాతల ఫైలు ఎదుగుదలను చూపగలదు గానీ మార్కుల బరువు మోయలేదు. కాబట్టి పబ్లిక్ పరీక్షను ఉండనివ్వాలి. ఫైలుకు మాత్రం మార్కు కన్నా ఎక్కువ అవసరమైన వస్తువు ఒకటుంది. అది సొంత సారు కాని రెండో చదువరి. నారాయణగూడ బడికి పుణె చేసిన సాయం అదే. స్టోనీ బ్రూక్‌లో పక్క తరగతి టీచరు చేసిన పని అదే. మన లిఖిత పత్రిక ముందు గుమిగూడిన పిల్లలు చేసిందీ అదే. సీసీఈలో కొరవడినదీ అదే.

ఇరవై మార్కుల భవిష్యత్తు ప్రభుత్వం తేలుస్తుంది. దాంతో నిమిత్తం లేకుండా మన బడిలో మనం మొదలుపెట్టగలిగిన పనులు ఇవి.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ప్రతి పిల్లకూ ఒక అట్ట ఫైలు. ఏడాదికి నాలుగే కాగితాలు. ఒకటి క్లాసులో, సారు కళ్ల ముందు, ఒక పీరియడ్‌లో రాసినది. రెండు, మార్చి రాసిన రచనలు. వాటికి రఫ్, ఫేర్ రెండూ పిన్ను పెట్టి ఉండాలి, రఫ్ చింపకూడదు. నాలుగోది, వీటిలో తనకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో పిల్ల రాసిన ఉత్తరం. నాలుగు కాగితాలే కాబట్టి టీచరు మీద రిజిస్టరు బరువు పడదు.

ఏడాదికి ఒకసారి ఆ ఫైళ్లను సొంత టీచరు కాకుండా మరొకరు చదివి, చివర నాలుగు వాక్యాలు రాయాలి. మార్కు వద్దు. ఇక్కడే మన సంఘం అవసరం. మనలో రిటైరైన టీచర్లున్నారు, బ్యాంకుల్లో, రైల్వేలో, కోర్టుల్లో పనిచేసినవారున్నారు, పత్రికల్లో పనిచేసినవారున్నారు. అమెరికాలో ఉన్నవారికి ఫోనులో ఫొటోలు తీసి పంపవచ్చు. ఒక్కొక్కరు పది ఫైళ్లు చదివితే చాలు. పిల్ల పేరు అట్ట మీదే ఉంచి, చదివేవారికి కాగితాలు మాత్రమే ఇవ్వండి. అశోక్ నగర్ పిల్లలు పబ్లిక్ పరీక్షలో నమ్ముకున్న భరోసా ఇక్కడా ఉంటుంది.

పదో తరగతి అయ్యాక ఫైలు పిల్లకే ఇవ్వాలి. అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఒక్క రచన నకలు బడిలో దాచాలి. దానికి కావలసింది తాళం వేసే ఒక ఇనుప బీరువా. ఈ యాభై ఏళ్ల వేడుకకు జ్ఞాపికలు, శాలువాలు, ఫ్లెక్సీలు ఉండనే ఉంటాయి. వాటితోపాటు ఆ బీరువా ఒకటి కొనిపెట్టమని కార్యవర్గానికి నా విన్నపం. మొదటి పది ఫైళ్లు చదివే పని నాకు అప్పగించండి.